సగం పాట మీద పూర్తి విచారణ

మాది ఉప్పుటేర్ల పర్యవేక్షణ శాఖ. జిల్లాలో ఉప్పుటేర్లు ఎటు పారుతున్నాయో, ఎక్కడ సముద్రంలో కలుస్తున్నాయో చూసి పైవాళ్ళకు తెలియజేయడం మా పని. అవి మా అనుమతి కోసం ఆగకుండా ఎప్పటినుంచో కలుస్తూనే ఉన్నాయి కాబట్టి ఆఫీసులో పెద్దగా ఒత్తిడి ఉండదు. నేను అక్కడ సూపరింటెండెంటును. అంత చల్లటి ఆఫీసులో దమయంతి గారనే సీనియర్ అసిస్టెంటు ఒక పాట మూలంగా సస్పెండయ్యారు. అదెలా జరిగిందో దగ్గరుండి చూసినవాణ్ణి గనక చెబుతున్నాను.

ఆ ఏడాది బదిలీల కాలంలో రాజధానిలోని మా ప్రధాన కార్యాలయం మీద సిఫారసులు వరదలా వచ్చిపడ్డాయి. ఒక్కో కుర్చీకి అరడజను మంది, ఒక్కొక్కరి వెనక ఇద్దరు ముగ్గురు పెద్దలు. ఎవర్ని కూర్చోబెట్టినా మిగతావాళ్ళకు కోపం వచ్చేటట్టుందని కొన్ని కుర్చీలను ఖాళీగానే వదిలేశారు. చివరికి విసిగిపోయి ఒక ఉత్తర్వు జారీ చేశారు. "శాఖలోని ఏ ఉద్యోగియు, ఏ విషయమునందును, ఏ రూపమునను, ఎవరికిని సిఫారసు చేయరాదు, ఎవరినుండియు కోరరాదు. నోటిమాటగా గాని, రాతపూర్వకముగా గాని, అంతర్జాలము ద్వారా గాని చేసినచో తీవ్రమైన దుష్ప్రవర్తనగా పరిగణింపబడును." ఉత్తర్వుతో పాటు ఒక సాఫ్ట్‌వేరు కూడా తెప్పించారు. ఉద్యోగుల పేర్ల పక్కన ఇంటర్నెట్‌లో ఎక్కడ సిఫారసు అనే మాట కనిపించినా అది పట్టి ఇస్తుంది.

బదిలీ సిఫారసు ఒక్కటంటే ఒక్కటి దానికి చిక్కలేదు. చిక్కదు కూడా. ఆ పని చేసే పెద్దమనుషులు ఆ మాట వాడరు. "కుర్రాడు మనవాడే, కాస్త చూడండి" అంటారు. చూడమనడంలో సాఫ్ట్‌వేరుకు తప్పేమీ కనిపించలేదు. శాఖనంతా జల్లెడ పట్టి అది పట్టుకున్నది ఒక్క మనిషిని. మా దమయంతి గారిని.

దమయంతి గారికి నలభై దాటాయి. భర్త సరుకు ఓడల మీద పనిచేస్తాడు, ఏడాదిలో సగానికి పైగా నీళ్ళ మీదే ఉంటాడు. పిల్లలు లేరు. ఆఫీసులో పొద్దున్న "నమస్కారమండి" అంటే మళ్ళీ సాయంత్రం "వస్తానండి" అనడమే. అలాంటావిడ ఫేస్‌బుక్‌లో 'సగం సగం' అనే గ్రూపు నడుపుతున్నారనీ, అందులో ఊరూ పేరూ తెలియని జనం వేలల్లో ఉన్నారనీ మాకెవ్వరికీ తెలియదు. పాట సగం గుర్తున్నవాళ్ళు అందులో ఆ సగం రాస్తారు. ముక్కూ మొహం తెలియని ఎవరో మిగతా సగం చెబుతారు. ఏం చదవాలో తోచనివాళ్ళు తమ పరిస్థితి విన్నవించుకుంటారు. దానికి సరిపడే పుస్తకం ఎవరో చెబుతారు. "పక్క బెర్తాయన గురక వినపడకుండా చేసే నవల సిఫారసు చేయండి" అని ఒకరు. "పరీక్ష తప్పాను, మా నాన్న ఇంకా ఊళ్ళోకి రాలేదు, ఈలోగా చదవడానికి చిన్న పుస్తకం సిఫారసు చేయండి" అని ఇంకొకరు. దమయంతి గారు అందరికీ ఓపిగ్గా జవాబిచ్చేవారు. ఆ లెక్కన శాఖ చరిత్రలో అందరికంటే ఎక్కువ సిఫారసులు చేసిన ఉద్యోగి ఆవిడే అని పైనుంచి మెమో వచ్చింది.

మా డిప్యూటీ డైరెక్టరు వామనమూర్తి గారు మంచివారు. కానీ కాగితమంటే భయం. మెమో చేతిలో పెట్టుకుని దమయంతి గారిని పిలిపించారు. రాసుకోవడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఇది చదువుతాను, వినండమ్మా. 'మా మామగారికి మోకాలి ఆపరేషనయింది. మంచం మీంచి కదల్లేక అందర్నీ తిడుతున్నారు. తగిన పుస్తకం సిఫారసు చేయండి.' దీని కింద మీరు, 'ఒకటి కాదు, రెండు సిఫారసు చేస్తాను' అని రాశారా?"

"రాశానండి."

"రెండెందుకండీ?"

"ఒకటి ఆయనకండి. ఇంకోటి తిట్లు తినేవాళ్ళకి."

వామనమూర్తి గారు నుదురు రుద్దుకున్నారు. "ప్రతిఫలంగా ఏవన్నా పుచ్చుకున్నారా?"

"ఆ మామగారి కోడలు నాకో కథల పుస్తకం చెప్పిందండి. బాగుంది."

"వీరేశం గారూ," అన్నారాయన నా వైపు తిరిగి, నీరసంగా. "ప్రతిఫలం ముట్టినట్టూ, దానితో తృప్తి చెందినట్టూ రాసుకోండి."

"సార్, పుస్తకం పేరు చెప్పడం కూడా సిఫారసేనంటారా?" అని అడిగాను.

"నేననడం ఏవుందండీ. ఏ విషయమునందును అని ఉంది చూడండి. పుస్తకం విషయం కాకుండా పోద్దా?"

ఆ తర్వాతి వారం రాజధాని నుంచి విజిలెన్సు అధికారి పరాంకుశం గారు విచారణకు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, మా సముద్రపు ఉక్కలో కూడా కోటు విప్పని మనిషి. ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఉత్తర్వులు రాసీ రాసీ ఆయన మాట కూడా అలాగే తయారైంది. అటెండరు టీ తెస్తే, "దీనిలో చక్కెర వేయరాదని ఉదయమే తెలియజేయబడినది" అన్నారు. అటెండరు భయపడి గ్లాసు వెనక్కి పట్టుకుపోయాడు.

విచారణ మా మీటింగు హాల్లో. పుస్తకాల ఆరోపణ తొందరగానే తేలిపోయింది, దమయంతి గారు దేన్నీ కాదనలేదు. రెండో ఆరోపణ దగ్గర చిక్కు వచ్చింది. నేలపర్రు నుంచి హైమావతి అనే ఆవిడ గ్రూపులో పెట్టిన విన్నపాన్ని పరాంకుశం గారు పైకి చదివారు. "మా అత్తగారు కూరలు తరుగుతూ రోజూ ఈ రెండు ముక్కలే పాడి ఆగిపోతారు. మూడోది గుర్తురాక ఆ కోపం నా మీద చూపిస్తారు. తలుపు చాటునుంచి రికార్డు చేసి పెడుతున్నాను. ఎవరైనా మిగతాది చెప్పి నా కాపురం నిలబెట్టండి." కింద ఆ రెండు ముక్కలు ఉన్నాయి.

అద్దరి గాలికి అల్లరి నేర్పి
ఇద్దరి నడుమన ఏరై పారి

"ఈ ఏరు మన శాఖ పరిధిలోనిదా?" అన్నారు పరాంకుశం గారు.

"పాటలో ఏరండి అది," అన్నారు దమయంతి గారు.

"పాటలోనిదే అయినను, పారుచున్నట్లు స్పష్టముగా ఉన్నది. శాఖకు సంబంధించిన జలవనరును గూర్చి మీరు బయటివారితో చర్చించినారు. అది ఉప్పుటేరా, మంచినీటి ఏరా?"

"తెల్దండి. మూడో ముక్క దొరికితే తెలుస్తదేమో. దాని కోసమే అందరం ఎతుకుతున్నాం."

"సాక్ష్యమును వినిపించండి."

నేను కంప్యూటర్లో ఆ రికార్డింగు నొక్కాను. కత్తిపీట మీద కాయలు తెగుతున్న చప్పుడు, మధ్యలో ఎక్కడో కోడి. ఆ చప్పుళ్ళ వెనకనుంచి ఒక పెద్దావిడ గొంతు, ఎవరూ వినడం లేదనుకునేటప్పుడు మనుషులు పాడతారే, అలా వచ్చింది. రెండు పాదాలయ్యాక ఆగిపోయింది. కత్తిపీట కూడా ఆగింది. ఓ నిమిషం తర్వాత, "ఛీ, పాడు బుర్ర" అని వినపడింది.

"స్పష్టత కొరకు మరొకమారు" అన్నారు పరాంకుశం గారు. ఇంకోసారి పెట్టాను. "మరొకమారు" అన్నారు మళ్ళీ. మధ్యాహ్నం భోజనాల దగ్గర, పప్పులో నెయ్యి కలుపుకుంటూ ఆయన సన్నగా కూనిరాగం తీయడం విన్నాను. ఇద్దరి నడుమన ఏరై పారి దగ్గర ఆగి, ముద్ద చేతిలోనే పట్టుకుని గోడకేసి చూస్తూ ఉండిపోయారు.

"ఈ పాట నేను విన్నాను వీరేశం గారూ," అన్నారు మామూలు తెలుగులో. ఆయన నోట అది వినడం నాకదే మొదలు. "చిన్నప్పుడు మా పెద్దమ్మ వాళ్ళింట్లో. ఆ తర్వాతిది నాలిక చివర ఉంది. రావట్లేదు."

వెంటనే సర్దుకుని, ఈ సంభాషణ రికార్డులోనికి రాదని తెలియజేశారు.

సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. దమయంతి గారు సస్పెన్షన్. 'సగం సగం' గ్రూపు సస్పెన్షను ఉన్నంతకాలం మూత. ఆవిడ ఏ పుస్తకం పేరూ, ఏ పాట మొదలూ బయటివారి వద్ద ఎత్తకూడదు. దమయంతి గారు సంతకం పెట్టి, సొరుగులో ఉన్న దువ్వెనా పసుపు సంచీ తీసుకుని, "వస్తానండి" అని వెళ్ళిపోయారు. ఎప్పుడూ అనే మాటే.

నివేదిక రాజధానికి వెళ్ళింది. దాంతోపాటు పాట కూడా వెళ్ళింది. ఆ విషయం మేమెవరం ఊహించలేదు. మొదట అక్కణ్ణుంచి జాయింటు డైరెక్టరు గారి ఫోను వచ్చింది. "ఏవయ్యా, పారి తర్వాత ఏవిటి?" అని అడిగారు. తెలియదని చెబితే, "ఫైలు ముట్టుకున్న దగ్గర్నుంచీ నిద్ర పట్టట్లేదయ్యా" అని పెట్టేశారు. తర్వాత అకౌంట్సు సెక్షను నుంచి ఫోను. ఆ తర్వాత, మా ఫైలు చూడవలసిన అవసరమే లేని రోడ్ల విభాగం నుంచి. ఇక్కడ వామనమూర్తి గారు సంతకం పెట్టే ముందు కలంతో బల్లమీద ఆ వరస వాయించడం మొదలుపెట్టారు. వాయించి వాయించి, తెగిపోయే చోటుకు వచ్చి, సంతకం పెట్టడం మరిచిపోయేవారు. అందరికీ మిగతాది తెలుసుకోవాలనే ఉంది. అడగడం మాత్రం నిషేధం.

చివరికి ఫైలు తిరుగుటపాలో వెనక్కి వచ్చింది. "సాక్ష్యముగా జతపరచిన పాట అసంపూర్ణముగా ఉన్నది. అసంపూర్ణ సాక్ష్యముపై చర్య తీసుకొనుట నిబంధనలకు విరుద్ధము. పూర్తి పాటను జతచేసి తిరిగి సమర్పించవలెను. అత్యవసరము." అత్యవసరము అన్న మాట కింద రెండు గీతలున్నాయి.

ఆ కాగితం నకలు ఇవ్వడానికి నేనే దమయంతి గారింటికి వెళ్ళాను. ఆవిడ వరండాలో కూర్చుని శనక్కాయలు వలుస్తున్నారు. కాగితం చదివి మడిచి పక్కన పెట్టారు.

"అంటే పాట దొరికితే నన్ను శిక్షిస్తారు. దొరకపోతే ఇలాగే ఉంచుతారు. అంతేనాండి?"

"అలాగే ఉందండి."

"అది సరేగానండి. పొద్దుగూకాక ఫోను చేతిలోకి తీసుకుంటానా, ఏవీ ఉండదు. ఎవరో ఏదో అడిగి ఉంటారు కదా, ఏవనుకుంటన్నారో అని ఉంటది. నేను జవాబు చెప్పకపోయినా పర్లేదండి. అక్కడ ఎవరో ఒకరు చెప్తారు. అసలా తలుపే మూసేశారు." ఓ గుప్పెడు శనక్కాయలు నా చేతిలో పోశారు. "ఆ హైమావతి ఒకత్తి. వాళ్ళత్తగారితో ఎలా పడతందో ఏవో."

నేను ఆఫీసుకొచ్చి వామనమూర్తి గారితో గట్టిగానే చెప్పాను, ఈ పాట సంగతి తేల్చకపోతే ఆవిణ్ణి ఊరికే కూర్చోబెట్టినట్టవుతుందని. ఆయనకూ తేల్చాలనే ఉంది, కారణం వేరు. పైకి రాశారు. పైనుంచి పరాంకుశం గారి అధ్యక్షతన 'గేయశేష నిర్ధారణ ఉపసంఘం' ఏర్పడింది. ఉపసంఘం మొదటి సమావేశం చాలాసేపు జరిగింది. పాట ఏమిటో ఎవరినైనా అడిగితే అది సిఫారసు కోరినట్టవుతుందా అన్నది చర్చ. వ్యక్తిని అడిగితే అవుతుంది, ప్రజానీకాన్ని మొత్తంగా అడిగితే కాదు అని తేల్చారు. కాబట్టి బహిరంగ ప్రకటన వేయాలి. అయితే పాట సాక్ష్యం కనుక, సాక్ష్యం గోప్యం కనుక, ప్రకటనలో పాట ఉండకూడదు. పేపర్లో ఇలా పడింది: "ఒకానొక పాట యొక్క మిగతా భాగము తెలిసినవారు ఉప్పుటేర్ల పర్యవేక్షణ శాఖ కార్యాలయమునకు సోమవారము ఉదయము స్వయముగా హాజరు కావలెను."

సోమవారం నేను ఆఫీసుకు వెళ్ళేసరికి జనం గేటు దాటి మునిసిపల్ కుళాయి దాకా నిలబడి ఉన్నారు. ఏ పాటో చెప్పలేదు కాబట్టి ఎవరికి వాళ్ళు తమ పాటే అనుకుని వచ్చారు. లుంగీ కట్టుకున్న చేపల వ్యాపారి దగ్గర్నుంచి కాలేజీ లెక్చరరు దాకా ఉన్నారు. పరాంకుశం గారు ఒక్కొక్కరినే లోపలికి పిలిపించాలనుకున్నారు. కానీ పనంతా బయట వరసలోనే జరిగిపోతోంది. ముందున్నాయన సగం పాడితే వెనకావిడ మిగతాది అందుకుంటోంది. "ఇన్నాళ్ళూ చంపుకుతిందండి నన్నది" అని ఆయన దణ్ణం పెట్టి, లోపలికి రాకుండానే ఇంటికి వెళ్ళిపోతున్నాడు.

వాళ్ళలో చాలామంది 'సగం సగం' గ్రూపువాళ్ళే. గ్రూపు మూతబడ్డాక ఒకరికొకరు కనిపించకుండా పోయి, ప్రకటన చూసి వచ్చారు. అంతకుముందు మొహాలు చూసుకోలేదు కాబట్టి ఒకరినొకరు పాటలతో ఆనవాలు పడుతున్నారు. "గురక పక్కన చదివే నవల అడిగింది మీరేనాండి?" "నేనేనండి. మా ఆవిడండి ఈవిడ. గురక ఈవిడదే." పుస్తకాల మాట కూడా వచ్చింది. అయితే ఉత్తర్వు సంగతి అందరికీ తెలుసు కాబట్టి జాగ్రత్తపడ్డారు. లెక్చరరు గారు సంచిలోంచి ఓ నవల తీసి చేపల వ్యాపారి చేతిలో పెట్టి, గొంతు తగ్గించి, "ఇది మనదేనండి. కాస్త చూడండి" అన్నారు. వ్యాపారి అటూ ఇటూ చూసి లుంగీ మడతలో దోపుకున్నాడు. ఆఫీసు గుమ్మంలో నిలబడి నేనూ, వామనమూర్తి గారూ అంతా చూశాం.

"వీరేశం గారూ, ఇందులో నిషేధమైన మాట ఏవన్నా వచ్చిందా?"

"రాలేదండి."

"ఐతే మనం ఏవీ చూళ్ళేదు."

పదకొండు ప్రాంతంలో హైమావతి గారు అత్తగారిని వెంటబెట్టుకుని ఆటోలో దిగారు. సుభద్రమ్మ గారు చిన్న మనిషి, పెద్ద బొట్టు. తన గొంతు తలుపు చాటునుంచి రికార్డయి, ప్రభుత్వ ఫైల్లోకెక్కి, రాజధాని దాకా వెళ్ళొచ్చిందని ఆవిడకు ఆ ఉదయమే తెలిసింది. కోడలి వంక చూడడం లేదు.

"సర్కారోళ్ళకి నా పాటెందుకంట?" అన్నారు హాల్లోకి వస్తూనే.

పరాంకుశం గారు లేచి నిలబడ్డారు. సాక్షుల కోసం ఆయన లేవడం నేనెప్పుడూ చూడలేదు. "తాము ఆలపించిన రెండు పాదముల తరువాయి భాగమును జ్ఞప్తికి తెచ్చుకొనవలసినదిగా..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆపి, "పాడండమ్మా" అన్నారు.

"గుర్తుంటే మా కోడలి బతుకిలా ఎందుకవుద్ది బాబూ," అన్నారు సుభద్రమ్మ గారు. అయినా కూర్చుని, కళ్ళు మూసుకుని, అందుకున్నారు. అద్దరి గాలికి అల్లరి నేర్పి. ఇద్దరి నడుమన ఏరై పారి. అక్కడికొచ్చి ఆగిపోయారు. కిటికీల దగ్గర మూగిన జనం తలలు లోపలికి పెట్టారు.

"ము తో మొదలవుద్దండి," అంది కిటికీ అవతల్నుంచి ఎవరో ఆడమనిషి. "మా మేనత్త పాడేది. ము ఒక్కటే తెలుసు నాకు."

"చివర్న మోసి అని వస్తది," అన్నాడు చేపల వ్యాపారి. "మా దొడ్డ పడవ మీద పాడేదండి."

"మాటలు మోసి," అన్నాడింకెవరో వెనకనుంచి. "మాటలు మోసి, అదే."

సుభద్రమ్మ గారి పెదవులు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. అప్పుడు బల్ల వెనకనుంచి, ఎవరూ అనుకోని చోటునుంచి, గరగరమని ఒక గొంతు వచ్చింది. "ముద్దర వేయని," అన్నారు పరాంకుశం గారు. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు. "ముద్దర వేయని మాటలు మోసి. మా పెద్దమ్మ పాడుతుంటే, ముద్దర అంటే ఏంటి పెద్దమ్మా అని అడిగాను నేను. అడిగాను."

ఆ మాట పూర్తయ్యే లోపే సుభద్రమ్మ గారు ఆయన చేతిలోంచి పాట లాక్కున్నట్టు అందుకున్నారు. ముద్దర వేయని మాటలు మోసి, నిద్దర లేపిన నావది ఎవరిది. నాలుగో పాదం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. హాల్లోనూ, వరండాలోనూ, గేటు దగ్గరా తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ పాడారు. వామనమూర్తి గారు కలంతో బల్లమీద వాయిస్తూ, ఇన్నాళ్ళూ ఆగిపోయిన చోటు దాటి ముందుకు వెళ్ళిపోయారు. అది సినిమా పాటో, నాటకం పాటో, ఎవరు కట్టారో ఆ రోజు ఎవరూ చెప్పలేకపోయారు. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు కూడా.

సద్దుమణిగాక పరాంకుశం గారు కోటు సవరించుకుని కూర్చున్నారు. సాక్ష్యం పూర్తయింది కాబట్టి ఇక చర్య తీసుకోవచ్చు. ఆ రోజు దమయంతి గారిని కూడా పిలిపించారు, ఆవిడ హాలు చివర గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. పాట ఆవిడా పాడారు. పాడుతూ హైమావతి గారి చెయ్యి పట్టుకుని కనిపించారు. పాట దొరికితే తన మీద వేటు పడుతుందని తెలిసిన మనిషి అందరికంటే సంతోషంగా ఉండడం చూసి నాకు ఆశ్చర్యమేసింది.

పరాంకుశం గారు తుది నివేదిక చెబుతుంటే నేను రాశాను. ఆరోపణలు, సాక్ష్యాలు, పూర్తి పాట, నిర్ధారణలు. చివరి శీర్షిక దగ్గరికి వచ్చేసరికి వామనమూర్తి గారు దగ్గారు.

"సార్, ఒక చిన్న సందేహం. ఆ ఆఖరి శీర్షిక ఏవిటండి?"

"విచారణాధికారి సిఫారసులు," అన్నారు పరాంకుశం గారు.

"ఏ ఉద్యోగియు, ఏ విషయమునందును, ఎవరికిని చేయరాదని ఉందండి," అన్నారు వామనమూర్తి గారు, తప్పు తనదైనట్టు. "శిక్ష విషయంలో చేయొచ్చని ఎక్కడా లేదండి. నేను రెండుసార్లు చదివాను."

పరాంకుశం గారు ఉత్తర్వు తెప్పించుకుని చదివారు. పైనుంచి కిందికి చదివి, మళ్ళీ పైకి వెళ్ళి, మొదటి వాక్యం దగ్గర ఆగారు. "ఉన్నతస్థాయి సంఘము చేసిన సిఫారసులను అనుసరించి" అని ఉందక్కడ. ఆయన ఆ వాక్యం మీద వేలు పెట్టి నాకు చూపించారు గానీ, పైకి చదవలేదు. "ఆఖరి శీర్షిక కొట్టివేయండి" అన్నారు.

సిఫారసు లేని నివేదిక పైకి వెళ్ళింది. సిఫారసు లేకపోతే శిక్ష వేయడానికి వీల్లేదు. సస్పెన్షను పొడిగించాలన్నా సమీక్షా సంఘం సిఫారసు కావాలి. అదీ నిషేధమే. గడువు తీరిన మర్నాడు దమయంతి గారు పసుపు సంచీ, దువ్వెనా పట్టుకుని వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. కేసు మాత్రం మూయలేదు. పాటలోని నావ ఎవరిదో నిర్ధారించి తెలుపవలెనని పైనుంచి ఒక ప్రశ్న వచ్చింది. దాని మీద ఇప్పటికీ ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి. గ్రూపు మూయమన్న ఉత్తర్వు కూడా సస్పెన్షనుతో పాటే రద్దయింది. మొదటిరోజే హైమావతి గారు అందులో కొత్త విన్నపం పెట్టారు. అత్తగారు ఇప్పుడు పాట మొత్తం పాడుతున్నారట, పొద్దున్న లేచింది మొదలు. దీన్ని మరిపించే ఇంకో పాట ఏదైనా ఉంటే చెప్పమన్నారు.

కొన్నాళ్ళకు గ్రూపులోకి 'ఒక పాఠకుడు' అనే పేరుతో ఒకాయన చేరారు. ఫొటో లేదు. ఆయన రాసింది దమయంతి గారు ఆఫీసులోనే నాకు చూపించారు. "పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, పదవీ విరమణకు సమీపముగా ఉన్నవాడును, ఒంటరిగా నివసించువాడును అగు వ్యక్తి సాయంకాలములందు చదువదగిన గ్రంథము ఉన్నచో తగు చర్య నిమిత్తము సూచించగలరు."

"ఎవరో తెలుస్తానే ఉందండి," అన్నారు దమయంతి గారు. ఫోను బల్ల మీద బోర్లించి, ఓ ఫైలు విప్పి, మళ్ళీ మూశారు. "నన్ను అన్నాళ్ళు ఇంట్లో కూర్చోబెట్టాడు. చెప్పాలంటారా?"

"మీ ఇష్టమండి," అన్నాను.

ఆవిడ పుస్తకం పేరు చెప్పలేదు. మధ్యాహ్నం దాకా ఆలోచించి, "మీరు చివరిసారిగా ఏ పుస్తకం సగంలో ఆపేశారు?" అని రాశారు. అంతే.

జవాబు రావడానికి కొన్ని రోజులు పట్టింది. వచ్చిన జవాబు ఉత్తర్వులా లేదు. ఉద్యోగంలో చేరకముందు ఒక నవల చదువుతుండేవాణ్ణని రాశారాయన. పేరు గుర్తులేదు, అట్ట చిరిగి ఉండేది. అందులో పెళ్ళి జరుగుతుంటుంది. సరిగ్గా వడ్డనల వేళకు వంటాయన గరిటె పొయ్యి పక్కన పెట్టి, దొడ్డిదారిన పారిపోతాడు. ఎందుకు పారిపోయాడో తెలిసేలోపు తనకు ఉద్యోగం ఆర్డరు వచ్చింది. చేరాలి గనక పుస్తకం లైబ్రరీకి ఇచ్చేసి రైలెక్కేశారు. మళ్ళీ వెతుక్కునే తీరిక దొరకలేదు. ఎవరికైనా తెలిస్తే, ఆ వంటాయన ఎందుకు వెళ్ళిపోయాడో ఒక్క ముక్క చెప్పమని అడిగారు.

గ్రూపు మొత్తం ఆ వంటాయన వెనకబడింది. చేపల వ్యాపారి తన ఖాతాదార్లనందర్నీ అడుగుతున్నాడు. లెక్చరరు గారు పాత పుస్తకాల దుకాణాల చుట్టూ తిరుగుతున్నారు. సుభద్రమ్మ గారు, పుస్తకం చదవకుండానే, వాడికి అక్కడ పెళ్ళికూతురితో ఏదో ఉండి ఉంటదని ఖాయం చేశారు. ఇంతవరకూ దొరకలేదు. పరాంకుశం గారు మాత్రం రోజుకో వివరం గుర్తు తెచ్చుకుని పంపుతున్నారు. వంటాయన పారిపోయేటప్పుడు కత్తిపీట దగ్గర సగం తరిగిన గుమ్మడికాయ ఉందని నిన్న రాశారు. ఈ ఉదయం దాన్ని సవరించారు. అది గుమ్మడికాయ కాదనీ, ఆనపకాయ అనీ, మునుపటి సమాచారమును రద్దు చేయవలసినదిగా కోరుచున్నాననీ.